ఈస్ట్ బాగలేదన్నాడు ఖాదర్ భాయ్

మా కంపెనీ నాకిచ్చిన కార్డు మీద సేల్స్ ఎగ్జిక్యూటివ్ అని ఉండేది. మా ఆవిడ మాత్రం ఎవరడిగినా "మా ఆయన ఊరూరా తిరిగి బన్నులు తింటాడు, దానికి జీతమిస్తారు" అని చెప్పేది. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే ఆమె చెప్పిందే ఎక్కువ నిజమనిపిస్తోంది.

నేను అమ్మింది ఈస్ట్. మైదాపిండిలో కలిపితే పిండి పులిసి పొంగుతుంది, బ్రెడ్డూ బన్నూ మెత్తగా వస్తాయి. నంద్యాలలో కాపురం, చేతిలో ఒక ఐసు పెట్టె, రోజుకో బస్సు. ఆళ్లగడ్డ, గోస్పాడు, బేతంచెర్ల, ఆ చివర పగిడ్యాల దాకా నా లైను. ఈ మధ్య నా స్థానంలో చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఈ లైన్లో మంచి బేకరీలేవి? పొద్దున టిఫిన్ ఎక్కడ చెయ్యాలి? ఫోన్లో చూస్తే అన్నిటికీ నాలుగున్నర చుక్కలే ఉన్నాయి" అంది. ఉద్యోగంలో అడగవలసిన ప్రశ్నలు ఆ రెండే. ఆమె మొదటి రోజే అడిగేసింది, నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆమెకు ఫోన్లో చెప్పింది చాలక ఇక్కడ రాస్తున్నాను.

ముందు టిఫిన్ సంగతి

ఖాళీ కడుపుతో బేకరీకి వెళ్లకూడదు. ఆకలి మీదున్నవాడికి ఏ బన్నైనా బాగానే ఉంటుంది, తీర్పు చెడిపోతుంది. కాబట్టి టిఫిన్ అనేది మన వృత్తిలో విలాసం కాదు, పనిముట్టు. ఈ మాట నేను మా కంపెనీకి చాలాసార్లు రాశాను, టిఫిన్ ఖర్చు మాత్రం ఇవ్వలేదు.

లారీలు ఎక్కడ ఆగితే అక్కడ తిండి బాగుంటుందని అందరూ చెబుతారు. నమ్మకండి. బేతంచెర్లలో బండల లారీలు ఆగే హోటల్లో నేను తిన్న పూరీ, పక్కన పాలిష్ పడుతున్న నాపరాయి కన్నా కొంచెమే మెత్తగా ఉంది. ఇందులోనే ఎందుకు తింటావన్నా అని డ్రైవరును అడిగితే, "బండి తిప్పుకునేకి ఈడొక్కచోటే జాగా ఉండాదప్పా" అన్నాడు. పాపం, అతను ఎంచుకున్నది స్థలాన్ని, పూరీని కాదు.

నేను అడిగే ప్రశ్న వేరు. ఊళ్లో ఎవరు కనబడినా "ఇంట్లో తినొచ్చినా మళ్లీ యాడ తింటావన్నా?" అనేవాణ్ణి. మనిషి కొంచెం సిగ్గుపడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఒక చోటు చెబుతాడు. అదే మీరు వెళ్లవలసిన చోటు. నంద్యాలలో స్టేషను దారిలో ఉగ్గాని అమ్మే ఆమె బండి నాకలాగే దొరికింది. బొరుగులు తడిపి నీళ్లు పిండేసి, ఎర్రగడ్డలనే ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలతో తిరగవాత వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన వేడి మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తుంది. ఆమె బండి దగ్గర నిలబడితే నంద్యాలలో ఏ బేకరీ నడుస్తోందో ఏది పడుకుందో తెలిసిపోయేది. బేకరీ పనివాళ్లంతా పొద్దున బట్టీ పని ముగించుకుని అక్కడికే వచ్చి తినేవాళ్లు.

మా ప్రసాదరావు గారు

ఈ సందర్భంలోనే మా ఏరియా మేనేజర్ ప్రసాదరావు గారి గురించి చెప్పాలి. గోదావరి వైపు మనిషి, మర్యాదస్తుడు, ఎండంటే భయం. ఆయన వచ్చిన మొదటిసారి ఉగ్గాని బండి దగ్గరికి తీసుకెళ్లాను. ప్లేటు చేతిలో పట్టుకుని, "ఇవి మరమరాలు కదండీ? మేం సాయంత్రం పూట పిల్లలకు పెడతామండీ" అన్నారు.

ఆమె బజ్జీల మూకుడు మీంచి తల ఎత్తలేదు. "మరమరాలో గిరగిరాలో నాకు తెల్దు సామీ. ఇవి బొరుగులు. తింటే తిను, లేకుంటే ఆడ పెట్టు, వెనకాల మంది నిలబడుకోనుండారు" అంది.

ఆయన తిన్నారు. రెండో ప్లేటు కూడా తిన్నారు. ఆ మాట ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దన్నారు.

మంచి మనిషే గానీ బేకరీ చూసే విషయంలో ఆయనకు ఒక జబ్బుంది. అద్దాలు చూసేవారు. ముందు పెద్ద అద్దం, లోపల ఏసీ, గోడకు కేకు బొమ్మ ఉంటే "ఇదండీ బేకరీ అంటే" అనేవారు. అద్దాలు లేని అంగళ్లకు సరుకు వెయ్యడం టైము దండగని ఆయన లెక్క. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. అద్దాల అంగళ్లలో సగం వాటికి బట్టీయే ఉండదు. పెద్ద ఊరి నుంచి పెట్టెల్లో తెచ్చి లైటు కింద పెట్టి అమ్ముతారు. లైటు వేడికి బన్ను కాస్త వెచ్చగా తగులుతుంది, మనం ఇప్పుడే కాల్చారనుకుంటాం.

రస్కుల డబ్బా వైపు చూడండి

మంచి బేకరీని గుర్తుపట్టడానికి కేకుల వైపు చూడనక్కరలేదు, రస్కుల వైపు చూడాలి. అమ్ముడుపోని బ్రెడ్డునే మర్నాడు కోసి మళ్లీ కాల్చి రస్కు చేస్తారు. అందులో తప్పేమీ లేదు, టీలో ముంచుకుంటే ఎంతో బాగుంటుంది. కానీ అంగట్లో రస్కుల డబ్బాలు వారం వారం పెరుగుతున్నాయంటే బ్రెడ్డు పోవడం లేదని అర్థం. యజమాని నవ్వుతూ "బ్రహ్మాండంగా ఉందప్పా బిజినెస్సు" అంటున్నా సరే, మీరు రస్కులనే నమ్మండి.

ఇంకొక మాట. యజమాని తన బన్ను తాను తింటాడా లేదా చూడండి. టీ తాగేటప్పుడు పక్క అంగడి బిస్కెట్టు ప్యాకెట్టు విప్పాడంటే, మీరు కూడా అదే ప్యాకెట్టు కొనుక్కోవడం మంచిది.

ఖాదర్ భాయ్

ఈ రెండు పరీక్షల్లోనూ ఎప్పుడూ నెగ్గిన మనిషి ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో ఖాదర్ భాయ్. వాళ్ల అబ్బా, అంటే నాన్న, పెట్టిన అంగడి. కట్టెల బట్టీ, ముందు ఒక చెక్క బల్ల, అద్దం అంటే గల్లాపెట్టె దగ్గర ఆయన తల దువ్వుకునేది ఒక్కటే. తెల్లవారుతుండగా బన్ను బయటికి తీస్తే ఆ వాసనకు బస్సు దిగినవాళ్లు ఇంటిదారి మరిచి సందులోకి తిరిగేవాళ్లు. కొబ్బరి పెట్టిన దిల్ పసంద్ ఆయన చేసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరూ చెయ్యలేరు. నేను ఆళ్లగడ్డ వెళ్లినప్పుడల్లా ఆయన దగ్గరే నా రెండో టిఫిన్.

ఒక ఏడాది ఎండలు మొదలవుతున్నప్పుడు వెళ్లాను. అహోబిలం తిరునాళ్లకు ఇంకా కొన్ని వారాలున్నాయి. ఆ తిరునాళ్లకు పోయే జనమంతా ఆళ్లగడ్డ మీదుగానే పోవాలి, సంచుల కొద్దీ బన్నులు కొనుక్కుంటారు. ఖాదర్ భాయ్ అంగట్లో బల్ల మీద ఎప్పుడూ ఉండే ఒక్క రస్కుల డబ్బా పక్కన కొత్త డబ్బాలు వరుసగా కూర్చుని ఉన్నాయి.

"ఏందన్నా ఇన్ని రస్కులు?" అన్నాను.

ఆయన ఒక బన్ను నా చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది. అడుగున గట్టిగా, మధ్యలో పిండిపిండిగా ఉంది.

"పొంగడంల్యా ఓబులేసన్నా. పది ట్రేలు పెడితే ఆరు ట్రేలు ఇట్లనే వస్తాండాయి. మీ ఈస్టే మారిందేమో సూడు."

నాకు పౌరుషం వచ్చింది. అక్కడికక్కడే గోరువెచ్చని నీళ్లలో చక్కెర వేసి, ఈస్ట్ కలిపి పెట్టాను. కాసేపటికి గ్లాసు నిండా నురుగు లేచింది. ఈస్ట్ భేషుగ్గా ఉంది. మైదా చూశాను, బాగుంది. ఉప్పు చూశాను, నీళ్లు చూశాను. ఎండలో తిరిగి వచ్చిన అలసటకు ట్రేలు పెట్టే మూలకు పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"ఈ మూల సల్లగా ఉండాది గదన్నా" అన్నాను.

"అందుకే గదప్పా స్టాండంతా ఈ పక్కకు జరిపింది. మద్యాన్నం నేను గూడా ఈడనే పండుకుంటా" అన్నాడు.

ఇద్దరం ఆ చల్లగోడకు ఆనుకుని టీ తాగుతూ బన్ను ఎందుకు పొంగడం లేదని చాలాసేపు బాధపడ్డాం. ఇంత చదివాక మీకు తెలిసిపోయే ఉంటుంది. మాకు తెలియలేదు. హాయిగా ఉన్నచోట మనిషి బుర్ర పని చెయ్యదని అప్పుడు నాకు అర్థం కాలేదు.

అసలు బాధ అప్పుడు చెప్పాడు. ఆ కట్టడం వాళ్ల అన్న మస్తాన్ పేరున ఉంది. మస్తాన్ భాయ్ బేతంచెర్లలో బండల వ్యాపారం చేస్తాడు, అక్కడే కాపురం. ఎవరో సెల్ ఫోన్ల షాపు పెట్టుకునే ఆయన ఆ చోటు అడుగుతున్నాడు. తిరునాళ్ల లోపల బన్ను బాగుపడకపోతే అంగడి అతనికి ఇచ్చేస్తానని అన్న తెగేసి చెప్పాడట.

"అన్న తప్పేం లేదులేప్పా. 'రాళ్లు అమ్మే పని నాది, నువ్వు గూడా రాళ్లే అమ్ముతానంటే ఎట్లరా' అన్నాడు. ఏం జెప్పాల? చిన్నప్పట్నుంచి పిండి తప్ప ఇంగోటి పట్టినోణ్ణి గాదు. సెల్ షాపులో నన్ను పనికి పెట్టుకుంటారంట. సెల్లులో పచ్చ బటన్ తప్ప వేరేది నొక్కేది నాకు రాదు" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ప్రసాదరావు గారికి ఫోన్ చేసి చెబితే, "ఆ షాపు ఎలాగూ ఉండదండీ ఓబులేసు గారూ. మీరు ఎదురుగా అద్దాల షాపు చూసుకోండి" అన్నారు. ఆ రోజు మొదటిసారి ఆయన ఫోను మధ్యలో పెట్టేశాను. ఛార్జి అయిపోయిందని తర్వాత చెప్పుకున్నాను.

తూర్పు గోడ

తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఒక మాట సంగతి తెలియాలి. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు. అబ్బా కాలంలో ఈస్ట్ ను ఖమీర్ అనేవాళ్లు. మస్తాన్ భాయ్ కు ఇప్పటికీ అది ఖమీరే. ఖాదర్ భాయ్ కు మాత్రం నాతో తిరిగి తిరిగి ఈస్ట్ అనడం అలవాటైంది. ఇక బండల వ్యాపారంలో ఉన్న మస్తాన్ భాయ్ దగ్గరికి పొద్దున లేస్తే వచ్చేది ఇళ్లు కట్టుకునేవాళ్లు. వాళ్ల నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, మాది ఈస్ట్ ఫేసింగ్, మాకు ఈస్ట్ పెరిగింది, ఈస్ట్ మూతపడింది. ఆయన చెవికి ఈస్ట్ అంటే తూర్పు దిక్కే.

నేను నంద్యాల వచ్చేశాక ఖాదర్ భాయ్ అన్నకు ఫోన్ చేశాడు. "ఈస్ట్ బాగలేదేమో అనుకున్నా భాయ్. ఓబులేసన్న చూసి పోయినాడు. ఇంగా నాకు ఈస్ట్ మీదనే అనుమానం ఉండాది" అన్నాడట.

మస్తాన్ భాయ్ కు మబ్బు విడిపోయినట్టయింది. అవును మరి, అంగడి వెనక ఉన్న తూర్పు గది ఈమధ్యనే ఎవరికో ఫోన్లోనే బాడుగకు ఇచ్చాడు. దానికి తలుపు అవతలి సందులో ఉంది. అప్పటి నుంచి తూర్పు వెలుతురు మూసుకుపోయి ఉంటుంది, బన్నులు పొంగకుండా పోతున్నాయి. వాస్తుకూ బన్నుకూ సంబంధం ఏమిటని ఆయన ఆలోచించలేదు. ఇళ్లు కట్టినవాళ్ల కష్టాలన్నీ కిటికీ మారిస్తే తీరడం ఆయన కళ్లారా చూశాడు, కనీసం వాళ్లు అలా చెప్పగా విన్నాడు.

నేను మళ్లీ ఆళ్లగడ్డలో బస్సు దిగి సందులోకి తిరిగేసరికి బన్ను వాసన లేదు, దుమ్ము ఉంది. లోపల ఒక మేస్త్రీ ట్రేల స్టాండు పక్కకు లాగి గోడకు సుత్తి వేస్తున్నాడు. మస్తాన్ భాయ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఖాదర్ భాయ్ మైదా మూట మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

"ఏందన్నా ఇది?"

"మా భాయ్ ఈస్ట్ మారుస్తాండాడప్పా" అన్నాడు ఖాదర్ భాయ్.

నాకు విషయం అర్థమయ్యి, ఆపుకోలేక నవ్వేశాను. మస్తాన్ భాయ్ కోపంగా చూశాడు. "నవ్వుతావేందిప్పా? నువ్వే గదా ఈస్ట్ సూసి పోయిండేది?"

"నేను సూసింది ఖమీరన్నా! దిక్కు గాదు!" అన్నాను.

ఆయన నోరు తెరిచి ఏదో అనబోయాడు. ఇంతలో మేస్త్రీ వేసిన దెబ్బకు ఇటుక ఒకటి ఊడి పడింది. ఆ కంత లోంచి తడిసిన వరి ఊక జలజలా రాలింది. దాని వెనకే చల్లటి నీళ్లు కారి మేస్త్రీ కాళ్ల మీద పడ్డాయి. అతను "అమ్మయ్యో" అని వెనక్కి గెంతాడు. అవతలి నుంచి ఎవరో గట్టిగా అరిచారు.

"ఎవుడప్పా గోడ పగలగొట్టేది? నా ఐసు కరిగిపోతాది!"

ఆయన సుంకన్న, ఆ గదిని బాడుగకు తీసుకున్న మనిషి. తిరునాళ్లలో షర్బతు అంగళ్లకు ఐసు గడ్డలు వేస్తాడు. ఎండాకాలం ముందే సరుకు తెచ్చి, ఊకలో కప్పి, సరిగ్గా ఆ గోడకు ఆనించి పైదాకా పేర్చాడు. బన్ను పొంగాలంటే పిండికి వెచ్చదనం కావాలి. మా ఖాదర్ భాయ్ ఆ పక్క చల్లగా ఉందని ట్రేల స్టాండు తీసుకెళ్లి ఐసు గోడ పక్కన పెట్టాడు. పిండి చలికి ముడుచుకుని పడుకుంది. స్టాండులో పట్టక వెచ్చని బట్టీ పక్కన మిగిలిన నాలుగు ట్రేలే పొంగేవి.

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొదట నవ్వింది సుంకన్న, అవతలి సందు చుట్టి వచ్చి గుమ్మంలో నిలబడి. తర్వాత నేను. ఖాదర్ భాయ్ నవ్వలేదు, అన్న వైపు చూశాడు. మస్తాన్ భాయ్ మొహం వాడిపోయింది. గదిని ఐసుకు బాడుగకు ఇచ్చింది తానే. తమ్ముడి బన్ను పాడైందని అంగడి తీసెయ్యబోయిందీ తానే. ఆయన ఊక వైపు చూసి, "సరుకు పెట్టుకుంటానన్న్యాడు, ఏం సరుకో నేనడగల్యా" అన్నాడు.

మన వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను దీన్నుంచి చెప్పేది ఇంతే. సరుకు ఒక్కటే చూడకండి, అది పెట్టిన చోటు చూడండి. గోడకు చెయ్యి ఆనించండి, అవతల ఎవరున్నారో అడగండి. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు. ప్రసాదరావు గారికి ఈ కథ చెబితే, "మరి ఏసీ షాపుల్లో ఎలా పొంగుతుందండీ?" అని అడిగారు. ఆ షాపుల్లో పొంగేది కరెంటు బిల్లేనని చెప్పాను.

మర్నాటి బన్ను

ఆ రోజు నేను నంద్యాల పోలేదు. మేస్త్రీ కంత మూసేశాడు. ట్రేలన్నీ మళ్లీ బట్టీ పక్కకు చేర్చాం. తెల్లవారుతుండగా అంగడి దగ్గరికి పోతే మస్తాన్ భాయ్ అప్పటికే అక్కడ ఉన్నాడు, బెంచీ మీద కూర్చుని. ఆయన కూడా బేతంచెర్ల పోలేదు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదు.

ఖాదర్ భాయ్ పొడుగు కర్రతో బట్టీలోంచి మొదటి ట్రే లాగాడు. బన్నులు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ ఎర్రగా, ఉబ్బి ఉన్నాయి. సందు నిండా వాసన కమ్మింది. ఖాదర్ భాయ్ కళ్లు చెమర్చాయి. పొగకు అన్నట్టు భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. నాకు కూడా అలాగే పొగ తగిలింది.

మస్తాన్ భాయ్ లేచి వచ్చి, అడక్కుండా ఒక బన్ను తీసుకుని రెండుగా విరిచాడు. వేళ్లు కాలినా వదలలేదు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఉప్పు రవ్వంత తక్కువైంది" అన్నాడు.

"అబ్బా గూడా అంతే వేసేటోడు" అన్నాడు ఖాదర్ భాయ్, తల వంచుకునే.

మస్తాన్ భాయ్ ఇంకో ముక్క తిన్నాడు. రెండోది కూడా అయిపోయాక జేబులోంచి సెల్లు తీసి ఎవరికో ఫోన్ కలిపాడు. అవతల ఆ సెల్ షాపు ఆయన నిద్రలోంచి లేచినట్టుంది, ఈయన గొంతు పెంచాడు.

"అంగడి ఇయ్యనుప్పా. ల్యా, దుడ్లు కాదు, ఎంతిచ్చినా ఇయ్యను. ఖాళీ ల్యా. మా తమ్ముడుండాడు దాంట్లో."